రొయ్యల కేసులు చూసే లాయర్ కావాలంటే

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తుంటాం. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాదిలో ఉంది. గవర్నమెంటు తరఫున వాణిజ్యం, పేటెంట్ల వ్యవహారాలు చూసే లాయర్ అవుతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? బీఎస్సీ మాన్పించి ఐదేళ్ల లాలో చేర్చాలా?

జవాబు: ఉందండీ. ఆ లాయర్లు చూసే కేసుల దెబ్బ మీ కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధర) మీద పడుతూనే ఉంది. మన రొయ్యలను మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారంటూ అమెరికా 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం వేస్తోంది. 2024లో, ప్రభుత్వ రాయితీలు అందుతున్నాయంటూ వాటికి విరుగుడుగా కౌంటర్‌వెయిలింగ్ సుంకం కూడా వేసింది. ఈ రెండో రకం కేసులో ఎగుమతిదారులతో పాటు మన ప్రభుత్వం కూడా జవాబు చెప్పుకోవాలి. ఏ పథకం, ఏ ఉత్తర్వు, ఎవరికి ఎంత ఇచ్చారు అంటూ అమెరికా నుంచి పెద్ద ప్రశ్నావళి వస్తుంది. శాఖల చుట్టూ తిరిగి లెక్కలు తెప్పించి గడువులోగా పంపాలి. పంపకపోతే అమెరికా వాళ్లు తమ దగ్గరున్న సమాచారంతోనే మనకు వ్యతిరేకంగా తేల్చేయొచ్చు. అంటే వాదనల కన్నా ఫైళ్లతో కుస్తీయే ఎక్కువ. నల్లకోటు మోజు ఒక్కటే అయితే అమ్మాయికి ఇది విసుగు పుట్టిస్తుంది.

బీఎస్సీ మాత్రం మాన్పించకండి. పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు చూసే వ్యక్తి) పరీక్షకు సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ తప్పనిసరి. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే లాయర్, పేటెంట్ ఏజెంట్ రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ఇది గ్రూప్స్‌లా ఒక్క పరీక్షతో వచ్చే పోస్టు కాదు. ఢిల్లీలో కేంద్ర వాణిజ్య శాఖ పెట్టిన సెంటర్ ఫర్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా కుర్ర లాయర్లను తీసుకుంటుంది, కాకపోతే కాంట్రాక్టు మీద. 'పర్మనెంటేనా?' అని మనవాళ్లు ముందు అడిగేది అదే కదా, అందుకే చెబుతున్నా. పర్మనెంటే కావాలంటే ట్రేడ్‌మార్క్ ఎగ్జామినర్ పోస్టులున్నాయి, వాటికి లా డిగ్రీ కావాలి. పేటెంట్ ఎగ్జామినర్‌కు లా అక్కర్లేదు, ఆమె సబ్జెక్టులో ఎమ్మెస్సీ చేస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసుకు 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే ముద్ర) వచ్చింది. చెన్నైలోని జీఐ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో వాటి కాగితాలు చదవమనండి. తయారీ విధానం, ప్రాంతం మ్యాపు, చరిత్రకు ఆధారాలు ఎలా చూపించారో తెలుస్తుంది. తర్వాత నరసాపురం వెళ్లి, లేసు అల్లే ఆడవాళ్లలో ఎవరైనా ఆథరైజ్డ్ యూజర్‌గా (ఆ జీఐని వాడుకునే హక్కున్నవాళ్లుగా) నమోదయ్యారేమో కనుక్కుని రమ్మనండి. జీఐ ఊరికి వచ్చినా, దాని కింద హక్కు కోసం ఎవరికి వాళ్లు నమోదు చేయించుకోవాలి.