గోడమీద పురుగులు కనిపిస్తున్నాయంటే...

ప్రశ్న: మేడమ్, నేను సర్జికల్ వార్డులో కొత్తగా చేరిన నర్సుని. కాలు విరిగి చేరిన పేషెంట్ రెండో రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, గోడమీద పురుగులు పాకుతున్నాయంటూ సెలైన్ పీకేశాడు. తాగే అలవాటుందని ఇంటివాళ్లు చెప్పలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ముందు డాక్టరుని పిలవాలమ్మా. అది మొండితనం కాదు. రోజూ తాగేవాళ్లకి మద్యం హఠాత్తుగా ఆగిపోతే వచ్చే జబ్బు అయుండొచ్చు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. సాధారణంగా 2 నుంచి 4 రోజుల మధ్య వచ్చే డెలీరియం ట్రెమెన్స్ (మతి తప్పి, లేనివి కనిపిస్తూ, ఒళ్లు వణికే తీవ్రమైన దశ) ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నేను చేరిన రోజే, ఇంటివాళ్లు పక్కన లేనప్పుడు, “చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత తాగారు?” అని అడుగుతాను, షుగరుందా అని అడిగినంత మామూలుగా. మనం తిట్టబోమని నమ్మకం కుదిరితే చాలామంది నిజమే చెబుతారు.

తలకి దెబ్బ, షుగర్ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం వల్ల కూడా మనిషి ఇలా మారతాడు. అవీ చూడండి. ఈ లక్షణాలు తగ్గడానికి డాక్టరు రాసే లోరాజెపామ్ లాంటి మత్తు మందు ఇచ్చాక శ్వాస, మెలకువ గమనిస్తూ ఉండాలి. గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలా అని డాక్టరుని అడగండి. షుగర్ బాగా పడిపోతే మాత్రం గ్లూకోజ్ ఆలస్యం చేయకూడదు.

చేతులు కట్టేయడానికి తొందరపడొద్దు, భయం ఇంకా పెరుగుతుంది. లైటు వేసి, ఒక్కరే దగ్గర నిలబడి, పేరు పెట్టి పిలుస్తూ ఎక్కడున్నారో చెప్పండి.