గైరాన్ పచ్చగానే ఉంది, మేతేదీ?

ప్రశ్న: మా ఊరి గైరాన్ (ఊరుమ్మడి మేతభూమి) నలభై ఎకరాలు. ఉపగ్రహ పటంలో ఈ ఏడు సెప్టెంబరులో కిందటేటికంటే పచ్చదనం ఎక్కువే కనబడింది. వానలూ మొత్తమ్మీద సరిపడా పడ్డాయన్నారు. తీరా సంక్రాంతికి ముందే మేత అయిపోయింది. తప్పు పటానిదా, వాతావరణానిదా?
– ఒక పాఠకుడు, కిన్వట్ తాలూకా, నాందేడ్ జిల్లా

జవాబు: ముందు ఆ పచ్చదనం ఏ మొక్కదో చూడండి. పచ్చటి ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకే ఎన్‌డీవీఐ. దానికి గడ్డయినా, వయ్యారిభామ అయినా, తంటెం అయినా ఒకటే. పశువు మూతి పెట్టని మొక్క పెరిగినా పటం పచ్చబడుతుంది. సర్కారు తుమ్మను పట్టుకోవడం తేలిక: మే నెల ఉపగ్రహ చిత్రం తెరిచి చూడండి. గడ్డి ఎండిపోయిన ఆ రోజుల్లోనూ పచ్చగా మిగిలిన గళ్ళు (చిత్రంలోని చిన్న చదరాలు) పొదలవో చెట్లవో. వాటిని లెక్కలోంచి తీసెయ్యండి. వయ్యారిభామ, తంటెం మాత్రం వానలకు గడ్డితోపాటే లేస్తాయి. అక్కడ కాలినడకన తిరిగి చూడాల్సిందే.

ఇక వాన. మొత్తం ఎన్ని మిల్లీమీటర్లన్నది గడ్డికి పట్టదు, ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. ఉదాహరణకు 2023లో దేశం మొత్తమ్మీద జూలైలో మామూలుకంటే ఎక్కువే కురిసింది. ఆగస్టులో 36 శాతం లోటు, 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. ఎదిగే వయసులో రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే, గాలి పొడిబారి ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. ఆకు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటుంది, ఎదుగుదల మాత్రం ఆగిపోతుంది. ఆ నష్టాన్ని పటం ఆలస్యంగా చూపిస్తుంది. వాన పడ్డాక పచ్చదనం పెరగడానికీ రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అందుకే సెప్టెంబరు చిత్రం ఒక్కటి చూసి తీర్పు చెప్పకూడదు.

సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల లెవెల్-2ఏ చిత్రాలు (వాతావరణం వల్ల వచ్చే తేడాను సరిదిద్దినవి) ఉచితం. గడి 10 మీటర్లు, అయిదు రోజులకొకటి. హద్దుకు 20 మీటర్లు లోపలగా గీత గీయండి, లేకపోతే పక్క పత్తిచేను కలుస్తుంది. మబ్బుల్నే కాదు, మబ్బు నీడల్నీ తీసెయ్యండి; ఎక్కువమంది మరిచేది నీడల్నే. జూన్ నుంచి డిసెంబరు దాకా ఎన్‌డీవీఐ గ్రాఫు గీసి, ఆ గీతకు కింద, మే నెల అంకెకు పైనున్న వైశాల్యం చూడండి. పక్కనే మీ రెవెన్యూ సర్కిల్ వాన లెక్క పది రోజులకొకటిగా పెట్టండి.

అయినా అది అంకే, కిలోలు కాదు. పైగా పశువులు మేయగా మిగిలిందే ఉపగ్రహానికి కనబడుతుంది. జూన్‌లోనే పది పన్నెండు చోట్ల మీటరు చదరం చుట్టూ కంచె వేసి, అక్టోబరు మొదట్లో కోసి, కలుపు ఏరేసి, బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి తూచండి. చదరానికి వచ్చిన గ్రాముల్ని నాలుగుతో గుణిస్తే ఎకరానికి కిలోలు. 150 గ్రాములొస్తే ఎకరానికి 600 కిలోలు. అందులో సగం గడ్డిని నేలకే వదిలితే నలభై ఎకరాలకు 12,000 కిలోలు. 300 కిలోల ఆవు రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత తింటుంది. యాభై ఆవులుంటే నలభై రోజులకు సరి! వాతావరణాన్ని అనేముందు మంద లెక్క కూడా చూసుకోవాలి.

ప్రశ్న: నేనే లెక్కగట్టిన ఎన్‌డీవీఐ 2022 నుంచి ఒక్కసారిగా పడిపోయింది. ఇది వాతావరణ మార్పేనా?
– ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ

జవాబు: ముందు డేటాను అనుమానించండి. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ఫైళ్ళలో ప్రతి అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసెయ్యకపోతే ఎరుపు, పరారుణ కాంతుల తేడా మారదు, వాటి మొత్తం పెరుగుతుంది, ఎన్‌డీవీఐ తగ్గుతుంది. 1000 తీసేసి మళ్ళీ గీయండి. నాసా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం డేటా 2000 నుంచి ఉంది కాబట్టి ఎక్కువ ఏళ్ళ పోలికకు అదే మేలు. కాకపోతే దాని గడి 250 మీటర్లు, అంటే సుమారు పదిహేను ఎకరాలు. విడిగా ఒక ఊరి గైరాన్‌కు పనికిరాదు, పెద్ద గడ్డిబీడు కావాలి.