గడ్డ రాయిలా ఉంటే కణం మెత్తనెలా?

ప్రశ్న: మా అమ్మకు రొమ్ములో గడ్డ గోలీలా గట్టిగా తగిలింది. కేన్సర్ అని తేలింది. కేన్సర్ కణాలు మామూలు కణాలకన్నా మెత్తగా ఉంటాయని చదివాను. ఏది నిజం? పాక్లిటాక్సెల్ అనే కేన్సర్ మందు ఎక్కిస్తున్నప్పటి నుంచి ఆమెకు అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ నిజమేనమ్మా. పాథాలజీ బల్ల దగ్గర 30 ఏళ్ళు నిలబడ్డదాన్ని. అలాంటి గడ్డను కోస్తుంటే కత్తి కింద పచ్చి జామకాయలా కరకరమనేది. ఆ గట్టిదనం కణాలది కాదు, వాటి చుట్టూ పేరుకున్న కొల్లాజెన్ అనే ప్రొటీన్ పీచుది. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు రోగుల ఛాతీలో చేరిన నీటి నుంచి కణాలు తీసి, అతి సన్నని మొనతో నొక్కి చూశారు. అక్కడికి పాకివచ్చిన కేన్సర్ కణాలు మామూలు వాటికన్నా 70 శాతానికి పైగా మెత్తగా ఉన్నాయి.

కణానికి బిగువునిచ్చేది కణాస్థిపంజరం. ఈ పేరు పెట్టినవారి మీద నాకు కాస్త కోపమే. ఎముకలా కుదురుగా ఉండదది, ఊడుతూ మళ్ళీ అల్లుకుంటూ ఉంటుంది. కణం పాకేటప్పుడు 7 నానోమీటర్ల మందం ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు ముందు అంచున పెరిగి కణం పొరను తోస్తాయి. మయోసిన్ అనే మరో ప్రొటీన్ బిగుసుకుని వెనుక భాగాన్ని లాక్కుంటుంది. కేన్సర్ కణం ఒళ్ళు మెత్తన కనుక ఇరుకు సందుల్లోనూ దూరుతుంది. చివరికి ఇరుక్కునేది కేంద్రకమే, కిటికీ ఊచల మధ్య పిల్లవాడి తలలా.

ఇక తిమ్మిరి. ఆ అస్థిపంజరంలోనే 25 నానోమీటర్ల గొట్టాలుంటాయి. కణం రెండుగా చీలాలంటే అవి అల్లుకోవాలి, విడిపోవాలి. పాక్లిటాక్సెల్ వాటిని విడిపోనివ్వదు. మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ అనే మరో కేన్సర్ మందు అయితే అసలు అల్లుకోనివ్వదు. చిక్కేమిటంటే, నరాల్లో సరుకు నడిచేదీ ఆ గొట్టాల మీదే. నడుము నుంచి పాదం దాకా దాదాపు మీటరు పొడవున్న నరానికి దెబ్బ ముందు తగులుతుంది, అందుకే అరికాళ్ళతో మొదలు.

చెప్పు జారిపోయినా తెలియడం లేదా, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నారా అని అమ్మను అడగండి. తర్వాతి డోసుకు ముందే డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చే వీలుంటుంది.