ఇచ్ఛాపురం దాటితే రోమింగ్: కేసు ఉన్నది రెండు పాత బిల్లుల్లో

ప్రశ్న: మాది విశాఖపట్నం ఆటోనగర్. నేనూ మా బావా కలిసి చిన్న కంపెనీ నడుపుతున్నాం. సొంత టవర్లు లేకుండా పెద్ద ఆపరేటర్ నెట్‌వర్కును టోకున కొని మా పేరుతో అమ్ముకునే వర్చువల్ నెట్‌వర్క్ ఆపరేటర్ (వీఎన్ఓ) లైసెన్సు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు తీసుకున్నాం. పోర్టు సరుకు తోలే లారీల ట్రాకర్లలో మా సిమ్‌లు 4,000 తిరుగుతున్నాయి. లారీ సర్కిల్ దాటితే పేరెంట్ ఆపరేటర్ మాకు రోమింగ్ రేటు వేస్తున్నాడు. హోమ్‌లో మెగాబైట్‌కు 10 పైసలు, రోమింగ్‌లో 40 పైసలు. జనవరి నుంచి 60 పైసలు చేస్తాం, ఒప్పుకోకపోతే రోమింగ్ ఆపేస్తాం అని నోటీసు వచ్చింది. అమ్మ నగలు తాకట్టులో ఉన్నాయి. మూడేళ్లుగా రక్తం పీలుస్తున్నారు. యూరప్‌లో చిన్న ఆపరేటర్లకు టోకు రోమింగ్ ఇచ్చి తీరాలని చట్టం ఉందట. అది చూపించి విశాఖ కోర్టులో ఆర్డరు తెచ్చుకోవచ్చా? ఎక్కువ కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? ఈలోగా వేరే కంపెనీ ప్రీపెయిడ్ సిమ్‌లు డ్రైవర్ల పేర్ల మీద తీసుకుని ట్రాకర్లలో వేసేద్దాం అంటున్నాడు మా బావ. మీ సలహా కావాలి.

జవాబు: మీరు మూడు పేజీల ఉత్తరం రాశారు. దానికి 112 పేజీల కాగితాలు జత చేశారు. ఉత్తరం ఒకసారి చదివాను, కాగితాలు రెండుసార్లు చదివాను. నగల సంగతి ఏ న్యాయమూర్తీ అడగడు. ఆయన అడిగేది ఒక్కటే: రోమింగ్‌కు మీ ఇద్దరి మధ్య కుదిరిన ధర ఎంత? దానికి జవాబు చెప్పగలిగితే కేసు ఉంది. లేకపోతే మీది ఒట్టి ఫిర్యాదు.

మీ ఒప్పందం మూడో అనుబంధం 27వ పేజీ తీయండి. హోమ్ డేటా ఎదురుగా 10 పైసలు అని టైపు చేసి ఉంది. దాని కిందే ‘ఇతర సర్కిళ్లలో వాడకం: విడిగా అంగీకరించిన ధరకు’ అని ఉంది, పక్కన చుక్కల గీత ఖాళీ. ఆ ఖాళీ పక్కనే మీ ఇద్దరి పొట్టి సంతకాలు. నింపని గడి పక్కన సంతకం ఎందుకు పెట్టారు? బావగారు తొందరపెట్టారని రాశారు. ఆటోలో మీటరు చూడకుండా కూర్చునేవాళ్లు కూడా దిగేముందు బేరమాడతారు. మీరు 35 నెలలు నోరెత్తకుండా కట్టారు.

ముందు యూరప్ సంగతి తేల్చేద్దాం. మీరు విన్నది నిజమే. 2012 నాటి యూరోపియన్ యూనియన్ రోమింగ్ రెగ్యులేషన్‌లో, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న 2022 రెగ్యులేషన్‌లో, సమంజసమైన కోరిక వస్తే టోకు రోమింగ్ ఇవ్వాలనే బాధ్యత ఆపరేటర్ మీద పెట్టారు. అడిగిన నెలలోపు ముసాయిదా ఒప్పందం చేతికివ్వాలి. డేటాకు టోకు ధర పరిమితి 2022లో గిగాబైట్‌కు 2 యూరోలు, ఏటా తగ్గుతూ 2027కి 1 యూరోకు వస్తుంది. ఇదంతా వాళ్ల దేశాల సరిహద్దులు దాటే ప్రయాణికుల కోసం వాళ్లు రాసుకున్న చట్టం. మనకు మాదిరిగా చూపించి వాదన అందంగా చేసుకోవచ్చు. హక్కుగా అడగలేం.

మన దగ్గర వీఎన్ఓ లైసెన్సు మార్గదర్శకాలు టెలికం శాఖ 2016 మే 31న ఇచ్చింది. వాటి ప్రకారం పేరెంట్ ఆపరేటర్‌కూ వీఎన్ఓకూ మధ్య బేరం పరస్పర అంగీకారం మీదే. ఫలానా ధరకు ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. పైగా మొబైల్ సేవలకు ఒక సర్కిల్‌లో వీఎన్ఓ ఒక్క పేరెంట్‌నే పట్టుకుని ఉండాలి. అందుకే వాడి చేతిలో మీ జుట్టు ఉంది. మీరు జత చేసిన ట్రాయ్ (టెలికం నియంత్రణ సంస్థ) రోమింగ్ సీలింగ్ కాగితం కూడా పక్కన పెట్టేయండి. 2015 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ పరిమితులు, అంటే రోమింగ్‌లో లోకల్ కాల్ 80 పైసలు, ఎస్టీడీ 1 రూపాయి 15 పైసలు, వచ్చే కాల్‌కు 45 పైసలు, చందాదారుడి దగ్గర వసూలు చేసే రిటైల్ ధరలకు సంబంధించినవి. టోకు డేటా వాటిలో లేదు. వీఎన్ఓలకు టోకు రోమింగ్ మీద నియంత్రణ ఉండాలా అన్నది మంచి చర్చే. దాని మీద ట్రాయ్‌కు వినతిపత్రం రాసుకోండి, ఎవరూ కాదనరు. కానీ 35 నెలల్లో మీరు ఎక్కువ కట్టిన 42 లక్షలు ఆ వినతితో రావు.

ఇక అసలు కేసు. మీరు ఉత్తరంలో ఒక్క ముక్కైనా ప్రస్తావించని రెండు కాగితాలు జతల్లో 61, 62 పేజీలుగా ఉన్నాయి: 2022 నవంబరు, డిసెంబరు బిల్లులు. వాటిలో ‘ఇతర సర్కిళ్లు’ అనే వరుసలో వేసిన రేటు 10 పైసలు! లారీలు అప్పుడు కూడా ఇచ్ఛాపురం దాటి ఒడిశా సర్కిల్‌లోకి పోయాయి, సాలూరు ఘాటీ ఎక్కి కోరాపుట్ మీదుగా రాయ్‌పూర్ పోయాయి. (హైదరాబాద్ పోతే రోమింగ్ పడదు, తెలంగాణ కూడా మన సర్కిలే.) ఆ రెండు నెలలు ఆపరేటర్ తనంతట తానే హోమ్ రేటు వేశాడు, మీరు కట్టారు. ధర రాయని ఒప్పందానికి అర్థం చెప్పేది ఇద్దరి తొలి నడవడికే. 65వ పేజీలో నవంబరు నాటి మెయిల్ ప్రింటు ఉంది. రోమింగ్ అనుబంధం సంతకాలయ్యే దాకా హోమ్ రేటే వేస్తామని ఆపరేటర్ హోల్‌సేల్ విభాగం మేనేజరు రాశాడు. ఆ మెయిల్, ఆ రెండు బిల్లులు ఒకే మాట చెబుతున్నాయి. మీ కేసు ఇదే, మిగతా 109 పేజీలూ కాదు.

అయితే ఆ ప్రింటు అంచు తెగిపోయి తేదీలో సంవత్సరం కనబడడం లేదు. అసలు మెయిల్ ఏదని ఫోన్‌లో అడిగితే ‘బాక్సు నిండిపోయిందని పాతవన్నీ తీసేశాను సార్’ అన్నారు. నలభై లక్షల వ్యవహారం నడుపుతున్న మనిషి వంద రూపాయల స్టోరేజీ కొనలేకపోయారా? ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందులో హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంకేతం, రాయాలి. అసలు ఫైలు లేకుండా హ్యాష్ దేనికి తీస్తారు? ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు పాత చట్టం కిందే 2020 జూలైలో తేల్చేసింది. ఆ మెయిల్ కాపీ మీ ఆడిటరుకు, పాత అకౌంటెంటుకు వెళ్లి ఉంటుంది. ఎవరి ఇన్‌బాక్సులో ఉన్నా ఫార్వర్డ్ చేయించుకోకండి. అక్కడే, ఆ బాక్సులోనే భద్రం చేయించి, మొత్తం ఫైలుగా డౌన్‌లోడ్ చేయించండి.

ఇప్పుడు కాలపరిమితి, అంటే కేసు వేయడానికి చట్టం ఇచ్చే మూడేళ్ల గడువు. 40 పైసల మొదటి బిల్లు 2023 జనవరిది, 2023 ఫిబ్రవరి 10న కట్టారు. ఈ సంగతి సెప్టెంబరులో ఆడిటరు చెప్పాకే తెలిసిందని, అందుకని గడువు అప్పటి నుంచే మొదలని ఎవరో మీకు చెప్పారు. పొరపాటున కట్టిన డబ్బుకు లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 అలాంటి వెసులుబాటు ఇస్తుంది, నిజమే. కానీ తగిన శ్రద్ధ పెడితే ఎప్పుడు తెలిసేదో అప్పటి నుంచే లెక్క. ప్రతి బిల్లులో నాలుగో వరుసలో 40 పైసలు అని అచ్చువేసి ఉండగా శ్రద్ధ మాట ఎవరు నమ్ముతారు? కనుక మూడేళ్ల లెక్కే తలలో పెట్టుకోండి. ఒక్కో చెల్లింపుకు ఒక్కో గడియారం. నెలకు సుమారు నాలుగు లక్షల మెగాబైట్లు, మెగాబైట్‌కు 30 పైసల తేడా, అంటే నెలకు 1,20,000. 2026 ఫిబ్రవరి 10, మంగళవారం దాటితే మొదటి 1,20,000 పోయినట్టే. మార్చిలో ఇంకో 1,20,000. ‘మాట్లాడుకుందాం’ అని వాట్సాప్‌లో వచ్చే తీపి కబుర్లతో గడియారం ఆగదు. గడువు దాటకముందే బాకీ ఒప్పుకుంటూ ఆపరేటర్ తరఫున అధికారం ఉన్నవాడు సంతకంతో రాసిస్తేనే కొత్త గడువు మొదలవుతుంది.

లిమిటేషన్ కంటే ముందే ముంచుకొచ్చేది మరొకటి ఉంది, మీరు దాన్ని అసలు ఊహించలేదు. కాల్, డేటా వాడకం రికార్డులను ఆపరేటర్ కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరు లైసెన్సు సవరణ చెబుతోంది. కేసుకు మూడేళ్లు, రికార్డుకు రెండేళ్లు! అంటే 2023 నాటి వాడకం రికార్డులు చాలావరకు ఈపాటికే చెరిపేసి ఉండొచ్చు, చెరిపినా వాడి తప్పు లేదు. ఈ వారంలోనే రాతపూర్వకంగా, మిగిలిన రికార్డులన్నీ వివాదం తేలేదాకా భద్రపరచాలని నోటీసు ఇవ్వండి. మీ ట్రాకర్ సర్వరులో ఏ లారీ ఏ రోజు ఎక్కడుందో, ఎంత డేటా పంపిందో లాగ్ ఉంటుంది కదా. 2023 నుంచి ఉన్నదంతా కాపీ తీసి తాళం వేయండి. సర్వరు మారుస్తున్నామని ఉత్తరం చివర రాశారు. ఇప్పుడు మార్చొద్దు.

మీ లాయరు రాసిన ప్లెయింటు (దావా పత్రం) ముసాయిదా విశాఖ జిల్లా కోర్టుకు ఉద్దేశించింది. వేయకండి. మీరు వీఎన్ఓ లైసెన్సీ, అవతలి వాడూ లైసెన్సీ. ఇద్దరు సర్వీసు ప్రొవైడర్ల మధ్య తగాదా ట్రాయ్ చట్టం సెక్షన్ 14 ప్రకారం ఢిల్లీలోని టీడీశాట్‌కు, అంటే టెలికం తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు చెందుతుంది. సివిల్ కోర్టుకు సెక్షన్ 15 తలుపు మూసింది. వినియోగదారుల కమిషన్ కూడా కాదు, మీరు వ్యాపారానికి కొన్నారు. తప్పు కోర్టులో గడిచిన కాలాన్ని మినహాయించమని అడగాలంటే సద్బుద్ధితో వెళ్లి ఉండాలి. ఈ జవాబు చదివాక కూడా జిల్లా కోర్టుకు వెళితే ఆ మాట ఎవరూ ఒప్పుకోరు. అలాగే ట్రాయ్ నియంత్రణలు తేలేదన్న సంగతిని పిటిషన్లో కలపకండి. ట్రాయ్ రెగ్యులేషన్ల చెల్లుబాటు టీడీశాట్ తేల్చే విషయం కాదని సుప్రీంకోర్టు 2013 డిసెంబరులోనే చెప్పింది. అది హైకోర్టు రిట్ సంగతి, వేరే కథ.

అవతలి లాయరు మొదట పట్టుకునేది ఒప్పందం 14వ క్లాజు: బిల్లు మీద 30 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. దీనికి భయపడి వెనక్కి తగ్గక్కర్లేదు. గడువు పెట్టి హక్కునే చంపేసే షరతు చెల్లదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 28 అంటుంది. కానీ ఆ షరతును హక్కు చంపే కత్తిగా కాక, మీరు ఒప్పుకున్నారనడానికి సాక్ష్యంగా వాడతారు, అక్కడ 35 చెల్లింపులు మీకు ఎదురు నిలబడతాయి. అందుకే 42 లక్షలూ వస్తాయని నేను చెప్పను. రికార్డు ఉన్న గత రెండేళ్ల భాగం గట్టిది, అంతకు ముందుది బలహీనం. మీ బావగారికి కూడా ఈ మాటే చెప్పండి.

బావగారి ఉపాయం గురించి. వద్దు. ఒకరి పేరు మీద తొమ్మిదికి మించి సిమ్‌లు ఉండకూడదన్న సంగతి అందరికీ తెలుసు. అసలు ప్రమాదం అది కాదు. మోసంతోనో, వంచనతోనో, మరొకరి పేరు పెట్టుకునో సిమ్‌లు సంపాదిస్తే టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 సెక్షన్ 42 కింద మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. డ్రైవరు తన సొంత వాడకానికని వేలిముద్ర వేసి తీసుకున్న సిమ్ మీ ట్రాకరులో, మీ కంపెనీ రాబడి కోసం తిరుగుతుంటే, ‘వాడి ఇష్టంతోనే సార్’ అన్న మీ వివరణ పోలీసులు ఎంతసేపు వింటారు? అంతమంది డ్రైవర్లలో ఒక్కడు పనిమాని వెళ్లి ఫిర్యాదు చేసినా చాలు. దాంతో మీ లైసెన్సుకూ ముప్పే, ట్రిబ్యునల్ ముందు మీ ముఖమూ చెల్లదు. ఇప్పటికే ఏవైనా కొని ఉంటే ఇవాళే బయటికి తీయించండి.

బిల్లు ఎగ్గొట్టడం కూడా వద్దు, అది సర్వీసు కట్ చేయడానికి వాడి చేతికి కారణం ఇచ్చినట్టవుతుంది. డిసెంబరు బిల్లులో మెగాబైట్‌కు 10 పైసల భాగం మామూలుగా కట్టండి. మిగతాది ‘అభ్యంతరంతో, హక్కులకు భంగం లేకుండా’ అని మెయిల్‌లోనూ బ్యాంకు వివరంలోనూ రాసి కట్టండి. ఆ రెండు ముక్కలు 35 నెలల కిందట రాసి ఉంటే నాకు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

పిటిషన్లో మూడు అడగండి: రోమింగ్ ఆపకుండా మధ్యంతర ఉత్తర్వు, 60 పైసలు ఏకపక్షంగా వేయరాదన్న తీర్పు, తేడా సొమ్ము వాపసు. మధ్యంతర ఉత్తర్వుకు కొంత డిపాజిట్ కట్టమంటారు, ఆరేడు లక్షలు సిద్ధంగా పెట్టుకోండి. పిటిషను వేసే ముందు ఒప్పందంలోని 19వ క్లాజు ప్రకారం లెక్కల సయోధ్య సమావేశం అడగండి. ఒక్కసారే అడగండి, పది రోజుల గడువుతో. సమావేశం జరిగితే మినిట్స్ మీద వాడి సంతకం తీసుకోకుండా గది దాటొద్దు. నోటీసు స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో, డెలివరీ రుజువుతో వేసి, రసీదును ఈసారి మెయిల్ బాక్సులో కాదు, బీరువాలో పెట్టండి. 61, 62 పేజీల అసలు బిల్లులు, ఆ రెండు చెల్లింపులు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని జనవరి మొదటి వారంలోగా ఢిల్లీ లాయరును కలవండి.