గొలుసు వెయ్యడానికి వాళ్లెవరు?

(మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన నెల్లూరు వాసి జవాబులు)

ప్రశ్న: మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా నాయనకు షుగరు. కాలికి పుండు పడితే నెల్లూరు పొగతోటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. లోపల ఖాళీ లేదంటూ వాచ్‌మన్ పక్కనున్న ఖాళీ స్థలం చూపించాడు. అక్కడ ఒకాయన 20 రూపాయలు తీసుకుని చీటీ ఇచ్చాడు. డాక్టరు పిలిచేసరికే మధ్యాహ్నం దాటింది. సాయంత్రం వచ్చి చూస్తే బైకు ముందు చక్రానికి గొలుసు వేసి తాళం బిగించి ఉంది. మూడు గంటలు దాటితే 300 జరిమానా అని బోర్డు ఉందట. ఆ బోర్డు మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు! నాయన నిలబడలేకపోతుంటే ఆ 300 కట్టేసి వచ్చాను. సొంత స్థలం, వాళ్లిష్టం అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: స్థలం వాళ్లదే. మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవచ్చు. వస్తే అద్దె అడగొచ్చు. మూడు గంటలకు 20, ఆపైన గంటకు ఇంత అని రేటు కూడా పెట్టుకోవచ్చు. జరిమానా వెయ్యడం, చక్రానికి తాళం బిగించడం మాత్రం వాళ్ల చేతిలో పని కాదు.

చక్రానికి తాళం వెయ్యడం గురించి మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్‌లో ఉంది. పబ్లిక్ స్థలంలో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండినైనా, చట్టప్రకారం నిలపకూడని చోట పెట్టిన బండినైనా తీసుకెళ్లాలన్నా, తాళం వెయ్యాలన్నా ఆ ప్రాంతంపై అధికారం ఉన్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి కావాలి. చీటీలు చించే మనిషికి ఖాకీ చొక్కా తొడిగితే ఆ అధికారం వచ్చేయదు.

‘బోర్డు మీద రాశాం కదా’ అంటారు. రాసుకున్నా సరే, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే. 20 రూపాయల చోటుకు 300 సబబా అని అడిగితే జడ్జిగారికి ఏం చెబుతారో వినాలని నాకూ ఉంది. పైగా ఫ్లెక్సీ చాటునున్న బోర్డును చదివి మీరు ఒప్పుకున్నారని చెప్పడం ఇంకా కష్టం.

మళ్లీ ఇలా జరిగితే తాళం, బోర్డు, చీటీ మూడూ ఫొటో తీసి 112కు ఫోన్ చెయ్యండి. తాళం మీరు పగలగొట్టొద్దు, తగువు మీ మీదికే తిరుగుతుంది. ఆస్పత్రి టెన్షన్‌లో ఇదంతా నావల్ల కాదనుకుంటే డబ్బు కట్టండి, అయితే చేతికివ్వకుండా ఫోన్‌పే చెయ్యండి. ఎవరి ఖాతాలో పడిందో మీ దగ్గర రికార్డు ఉంటుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది, వకీలు లేకుండానే వేసుకోవచ్చు. ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. 300 కోసం ఆత్మకూరు నుంచి వాయిదాలకు తిరగమని మాత్రం నేను చెప్పను.

నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించింది వాచ్‌మన్ మాట. లోపల ఖాళీ ఎందుకు లేదు? ప్లాన్ మంజూరుకు వచ్చినప్పుడు ప్రతి ఆస్పత్రీ పార్కింగ్ చూపిస్తుంది, చాలావరకు సెల్లారులో. నేను ఉద్యోగంలో ఉండగా అలాంటి సెల్లార్లలోకి దిగితే ముందు ఫినాయిల్ వాసన, తర్వాత మందుల షాపు కౌంటరు, ఆ వెనక రక్తపరీక్షల గది. బండ్లన్నీ రోడ్డు మీద. నోటీసిస్తే వారం పాటు అట్టపెట్టెలు ఒక మూలకు జరిపేవాళ్లు. రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు, 2017 ప్రకారం పార్కింగ్‌కు చూపిన చోటును ఇంకో పనికి వాడకూడదు.

అందుకని కార్పొరేషన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ ఆస్పత్రి మంజూరు ప్లాన్‌లో పార్కింగ్ అంతస్తు నకలు అడగండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పక్క స్థలంలో బండ్ల వ్యాపారానికి ట్రేడ్ లైసెన్సు ఉందా, ఖాళీ స్థలం పన్ను కడుతున్నారా అనీ అందులోనే అడగండి. నకలు చేతికొచ్చాక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీలో ‘పార్కింగ్ ఇబ్బంది’ అని రాయకండి, అది ట్రాఫిక్ పోలీసులకు వెళ్లి అక్కడే తిరుగుతుంది. ‘పార్కింగ్ సెల్లారును వ్యాపారానికి వాడుతున్నారు, ప్లాన్ ప్రకారం ఖాళీ చేయించండి’ అని రాయండి. అప్పుడు టౌన్ ప్లానింగ్ వాళ్లే జవాబు చెప్పుకోవాలి.

ప్రశ్న: ఒంగోలులో మేము సినిమాకు వెళ్లిన మాల్‌లో టికెట్ చూపించినా బండికి డబ్బు తీసుకున్నారు. చీటీ మీద ‘వాహనానికి మీదే బాధ్యత’ అని ఉంది.
– ఒక గృహిణి

జవాబు: 2025 ఏప్రిల్ 1 నుంచి మాల్స్‌కు, మల్టీప్లెక్సులకు పార్కింగ్ ఫీజు విషయంలో రాష్ట్ర ప్రభుత్వం నియమాలు పెట్టిందమ్మా. మొదటి 30 నిమిషాలు ఉచితం. గంటలోపైతే ఏదో ఒకటి కొన్న బిల్లు చాలు. గంట దాటితే బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ ఫీజుకంటే ఎక్కువ ఉండాలి. మీ టికెట్ ఎంతైనా అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది కాబట్టి తీసుకోకూడదు. చీటీని, టికెట్‌ను జతచేసి మున్సిపల్ కమిషనర్‌కు రాయండి. ఇక ‘మీదే బాధ్యత’ సంగతి: తాళంచెవి వాళ్ల చేతికిచ్చి పార్క్ చేయిస్తే ఆ మాట చాటున దాక్కోలేరు. 1998లో ఢిల్లీ హోటల్లో అలా ఇచ్చిన కారు పోతే, హోటలుదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. తాళంచెవి మీ దగ్గరే ఉంటే వాదన అంత తేలిక కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో చదువుతున్నాడు. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో టైము దాటిందని ఒక ప్రైవేటు కంపెనీ 100 పౌండ్లు అడుగుతోంది, 14 రోజుల్లో కడితే 60. స్నేహితులు చించి పారెయ్యమంటున్నారు.
– ఒక తండ్రి, కావలి

జవాబు: చించనివ్వకండి. అక్కడ ప్రైవేటు స్థలంలో బండికి తాళం వెయ్యడం 2012 అక్టోబర్ 1 నుంచి నేరం (పొగతోట వాళ్లు వినాలి). దానికి బదులుగా అదే చట్టం కంపెనీలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. నడిపిందెవరో తెలియకపోతే, నోటీసు సక్రమంగా ఇచ్చుంటే, బండి ఎవరి పేరున ఉందో వాళ్లనే అడగొచ్చు. అది ప్రభుత్వ జరిమానా కాదు, ఒప్పందం తప్పారంటూ అడిగే సొమ్ము. అలాంటి 85 పౌండ్ల కేసులో వాళ్ల సుప్రీంకోర్టు 2015లో కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. పట్టించుకోకపోతే కోర్టు నోటీసు రావచ్చు. బోర్డు ఫొటోలు, కొన్న బిల్లు జతచేసి ముందు కంపెనీకే అప్పీలు పెట్టమనండి. కాదంటే ఎక్కడికి వెళ్లాలో ఆ జవాబులోనే రాస్తారు. ఉత్తరం మీది తేదీ మాత్రం ఇవాళే చూసుకోమనండి.