కొత్త షాకబ్జార్బర్లు, స్ప్రింగులు వేయించాక ముందు చక్రం దగ్గర టక్ టక్ మంటోంది. షాకులే పాడైనవి వచ్చాయా?

మీ ప్రశ్న చదువుతుంటే నా కారు గురించే రాశారేమో అనిపించింది. ఎత్తు తగ్గించే స్ప్రింగులతో పాటు నాలుగు షాకులూ మార్పించి పది రోజులైంది, చిన్న గుంటల్లో ఎడమ ముందు చక్రం దగ్గర చప్పుడొస్తోంది, వెనక్కిచ్చేసి వేరే కంపెనీవి వేయించుకోవాలా అని కదా అడిగారు. వద్దండీ. ఇంకో రూపాయి తీసే ముందు నా సంగతి వినండి.

నాది 2015 ఎలీట్ ఐ20, డీజిల్. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగేసరికి పాత షాకులు ఆయిల్ కారడం మొదలెట్టాయి. ఎలాగూ విప్పుతున్నారు కదా అని బండిని 30 మిల్లీమీటర్లు కిందకి దించే స్ప్రింగులు కూడా తెప్పించి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇచ్చాను. పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతికొచ్చింది. బందరు రోడ్డు మీద హాయిగా సాగిపోయింది. మా కాలనీ సందులోకి తిరిగానో లేదో, టక్. నాలుగు అడుగులకి మళ్లీ టక్.

మూడుసార్లు తిరిగాను ఆ షెడ్డు చుట్టూ. మొదటిసారి "కొత్తవి కదా సార్, సెట్ అవ్వాలి, ఐదొందల కిలోమీటర్లు తిప్పండి" అన్నారు. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. స్ప్రింగు కాస్త కిందకి కూర్చుంటుంది, రబ్బరు కాస్త అణుగుతుంది, అంతవరకు నిజమే. ఇనుము ఇనుముని కొట్టే చప్పుడు తిరిగితే తగ్గదు, పెరుగుతుంది. రెండోసారి ఎడమవైపు జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, అన్నీ పట్టుకుని ఊపి, ఎక్కడా లూజు లేదన్నారు. మూడోసారి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి బండికి పట్టి ఉంచే కమ్మీ) మార్చాలన్నారు. ఇక చాలనుకుని ఇంటికొచ్చేశాను.

మా బాబాయి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ ఆదివారం భోజనానికి వస్తే ఈ గోలంతా చెప్పాను. చెయ్యి కడుక్కుని, "మీ వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఉందిగా, పద" అన్నాడు. అద్దాలు దించి, ఏసీ ఆపి, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా, మెల్లగా పోనిమ్మన్నాడు. చప్పుడు లేదు. వెనక్కి తీసి, ఈసారి ఏటవాలుగా, ఎడమ చక్రం ముందు ఎక్కేలా రమ్మన్నాడు. టక్. దిగేటప్పుడు ఇంకో టక్. "షాకు కాదురా, లింకు రాడ్డు" అన్నాడు, సీట్లోంచి కదలకుండానే.

కారణం చెప్తే ఇంతేనా అనిపిస్తుంది. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా స్టెబిలైజర్ బార్ ఉంటుంది, దాని చివరలని షాకులకి పట్టి ఉంచేవే ఈ లింకు రాడ్లు. రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్ ఊరికే పైకీ కిందకీ ఆడుతుంది, మెలి పడదు. ఒక్క చక్రమే లేస్తే మెలి పడుతుంది, బరువంతా లింకు మీదకి వస్తుంది, వదులుంటే అక్కడ కొట్టుకుంటుంది. షెడ్డులో దొరక్కపోవడానికి కారణం కూడా ఇదే. ఒక పక్కే జాకీ ఎత్తితే బార్ మెలిపడి లింకుని బిగలాగి పట్టుకుంటుంది. అప్పుడెంత ఊపినా కదలదు.

ఇంటి ముందు బండి నేల మీదే ఉంచి, స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పించి, ఇంజన్ ఆపించి, బాబాయి టైరు వెనక్కి చెయ్యి పెట్టి లింకు ఊపాడు. అదే టక్, ఈసారి బయటికే వినిపించింది. సెల్‌ఫోన్ లైటు వేసి చూపించాడు. కొత్త షాకు మీద నల్ల పెయింటు నిగనిగలాడుతోంది, నట్టు దగ్గర మాత్రం రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా అరిగి తెల్లగా మెరుస్తోంది. ఆ లింకుకి ఉండేది లాక్ నట్టు. నట్లు బిగించే మిషన్ గన్ను పెట్టి తిప్పితే కొంతదూరం పోయాక నట్టుతో పాటు లోపలి బోల్టు కూడా తిరిగిపోతుంది. పైనుంచి చూసేవాడికి బిగిసినట్టే ఉంటుంది. బోల్టు చివరనున్న గుంటలో ఎలన్ కీ (ఆరు పలకల తాళంచెవి) పెట్టి ఆపి, రెండో చేత్తో పానాతో బిగించాలి. బాబాయి అలా బిగిస్తే దాదాపు రెండు చుట్లు తిరిగింది! ఈ గన్నులొచ్చాక చేత్తో బిగించే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) ఉన్న షెడ్డు దొరికితే వదులుకోకండి.

నాకు ఇంకో చప్పుడు కూడా ఉండేది. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే కిర్రుమని, తర్వాత టంగుమనేది. మీకూ ఉంటే, ఒకరిని స్టీరింగు తిప్పమని మీరు స్ప్రింగు మీద చెయ్యి ఆనించి చూడండి. చుట్టు చుట్టుకుని ఒక్కసారి జారినట్టు తెలిస్తే పైన మౌంటింగులో (షాకు పై కొసని బండికి పట్టి ఉంచే భాగం) బేరింగు పట్టేసినట్టు, లేదా స్ప్రింగు కింది కొస సీటులోని మెట్టులో సరిగా కూర్చోనట్టు. నా బండికి కొత్త షాకుల మీద లక్ష కిలోమీటర్ల పాత మౌంటింగులే బిగించేశారు. ఇది మాత్రం మీరు విప్పకండి. స్ప్రింగుని అదిమే పరికరంతో (స్ప్రింగు కంప్రెసర్) నొక్కి పట్టకుండా మౌంటింగు మధ్యలో ఉండే నట్టు విప్పితే ప్రాణం మీదకొస్తుంది.

వెనక షాకుల కింది బోల్టులు ఎలా బిగించారో కూడా అడగండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించాక బోల్టు చుట్టూ ఉండే బుష్ రబ్బరు మెలిపడే ఉండిపోతుంది, మూలుగుతుంది, తొందరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఎత్తు తగ్గించారు కాబట్టి లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు కూడా వదులు చేసి, నేల మీద మళ్లీ బిగించమనండి.

   

మీరు ముందు ఆ ఏటవాలు పరీక్ష చేయండి. తిన్నగా ఎక్కినా మోగితే అప్పుడు పై మౌంటింగు నట్లు, షాకు కింద రెండు పెద్ద బోల్టులు చూడాలి, షాకుని అనుమానించడం ఆ తర్వాతే. లింకే అని తేలితే, బిగించాక నట్టు మీదనుంచి బోల్టు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. బాబాయి గీసిన గీత నా బండి మీద ఇప్పటికీ ఉంది. నెలకోసారి చక్రాలు కడిగేటప్పుడు వంగి చూస్తాను, ఇంతవరకు రెండు ముక్కలూ ఒకే వరసలో ఉన్నాయి.