లాట్రంక్యులిన్ (కణంలోని యాక్టిన్ అనే ప్రోటీన్ పోగుల్ని విరిచే మందు) వేశాక మెరిసే చుక్కలు పెరిగితే ఆటోఫేజీ (కణం తన పాత భాగాల్ని తానే అరిగించుకోవడం) పెరిగినట్టేనా?

పెరిగినట్టు కాదు. యాక్టిన్ విరిగాక, ఆ పాత భాగాల్ని మోసే సంచులు వాక్యూల్‌కి (వాటిని అరిగించే, కణంలోని పెద్ద గదికి) చేరక బయటే పేరుకుపోయినా, అరబిడాప్సిస్ (ప్రయోగాల్లో వాడే చిన్న మొక్క) వేళ్లలో జీఎఫ్‌పీ-ఏటీజీ8 (ఆ సంచులకు అంటుకుని పచ్చగా మెరిసే ప్రోటీన్) చుక్కలు మీరు చూసినట్టే పెరుగుతాయి.

ఈ పరీక్షలో చాలామంది వదిలేసేది కాంకనామైసిన్-ఎ అనే మందు. వాక్యూల్‌లోకి వెళ్లినవి ఎంజైమ్‌లకు కరిగిపోతాయి, లెక్కకు దొరకవు. ఈ మందు అక్కడి ఆమ్లత్వం తగ్గించి వాటిని నిలబెడుతుంది.

1. నాలుగు గుంపులు పెట్టండి: డీఎంఎస్‌ఓ (మందుల్ని కరిగించే ద్రావకం) ఒక్కటే, లాట్రంక్యులిన్-బి, కాంకనామైసిన్-ఎ, రెండు మందులూ కలిపి. నాలుగింటిలోనూ డీఎంఎస్‌ఓ శాతం సమానంగా ఉండాలి.
2. వాక్యూల్ లోపలి చుక్కల్నే లెక్కపెట్టండి.
3. రెండూ కలిపిన గుంపులో అవి కాంకనామైసిన్ గుంపు కన్నా తగ్గితే, దారిలో ఎక్కడో అడ్డు పడింది. సమానమైతే ఈ పనికి యాక్టిన్ తప్పనిసరి కాదు.

చుక్కలు కదలడం లేదని టెన్షన్ వద్దు. కణద్రవ్య ప్రవాహం (కణం లోపలి ద్రవం కదలడం) నడిచేదే యాక్టిన్, మయోసిన్ (యాక్టిన్ మీద నడిచే మోటార్ ప్రోటీన్) మీద; యాక్టిన్ విరిగితే అదీ ఆగుతుంది.